వెర్మాంట్‌లో ఒక ఇంగ్లీషు కంచె

వెర్మాంట్ వెళ్ళొచ్చామని చెబితే అమెరికాలో మా హెర్న్‌డన్‌లో ప్రతివాళ్ళూ ఎర్రాకుల ఫొటోలు చూపించమని చెయ్యి చాపుతారు. మనవాళ్ళంతా అక్టోబరులో వెళ్తారు, చెట్ల ముందు నిలబడతారు, వచ్చేస్తారు. మేం మే నెలలో వెళ్ళాం. చూపించడానికి నా దగ్గర ఉన్నది ఒకటే ఫొటో. అందులో ఇద్దరున్నారు. ఎడమ కన్ను వాచిపోయి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, దిక్కు తోచనట్టు చూస్తున్నది నేను. కుడివైపున్నది గొర్రె. అందుకే ఫొటోతో సరిపెట్టకుండా రాసి చెప్పుకోవాల్సి వస్తోంది.

వెళ్ళింది కవిత్వం కోసం. నా కవిత్వం కాదు, కంగారు పడకండి. మా ఆవిడ వసుధది.

హెర్న్‌డన్: పదకొండేళ్ళ మే నెల

వసుధ అంటే భూమి. ఈ వసుధ పెరిగింది మాత్రం భూమికి మూడంతస్తుల పైన, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. వాళ్ళింట్లో తులసి కూడా ప్లాస్టిక్ బకెట్‌లోనే పెరిగింది. వాళ్ళ నాన్నగారికి ఆఫీసులో ఎవరో ఇంగ్లండు దృశ్యాల క్యాలెండరు ఇచ్చారట. ఏడాది అయిపోయాక, హాల్లో గోడ పెచ్చు ఊడినచోట మే నెల బొమ్మ కత్తిరించి మైదాపిండితో అంటించారు. పచ్చటి కొండవాలు, దాని మీద తెల్లపూల ముళ్ళకంచె, కంచెకి ఇవతల రెండు గొర్రెలు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, అంటే పదకొండేళ్ళు, వాళ్ళ హాల్లో మే నెలే. హైదరాబాదులో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆ బొమ్మ విలువ వేరే చెప్పక్కర్లేదు. కరెంటు పోయినప్పుడల్లా వసుధ దాని ఎదురుగా కూర్చుని అన్నం తినేదట.

ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్కులో కూర్చుంటుంది. పగలు పళ్ళు, సాయంత్రం పల్లెలు. రెండేళ్ళ క్రితం ఇంగ్లండు పల్లెసీమల మీద పద్యాలు రాసేవాళ్ళ ఆన్‌లైన్ బృందంలో చేరింది. ప్రతి బుధవారం కలుస్తారు. చాండ్లర్ అనే ఎడారి ఊళ్ళో ఏసీ వేసుకుని మంచుబిందువుల మీద రాసే పెద్దమనిషి ఒకాయన, ఒహాయో నుంచి ఒకావిడ, ఇంకా పదిహేనుమంది. ఒక్కరూ ఇంగ్లండు చూసినవాళ్ళు కారు. బృందాన్ని నడిపే గ్రెగరీగారు మాత్రం వెళ్ళారు, విమానం మారడానికి. ఆయనది న్యూజెర్సీ. వెర్మాంట్‌లో గొర్రెల ఫారం కొనుక్కుని ఎండాకాలంలో కూడా ఉన్ని కోటు వేసుకుంటారు.

ఏటా మే నెలలో ఆ ఫారంలో సభ. ఆరుగురిని ఎంపిక చేస్తారు. ఎవరికీ చూపించని కొత్త పద్యం ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు చదవాలి. అందులో ఒకటి ఆ ఏటి చిన్న పుస్తకంలో మొదటి పేజీకి ఎక్కుతుంది. ఈసారి ఆరుగురిలో వసుధ ఉంది.

ఉంది కానీ, గ్రెగరీగారికి మొదటినుంచీ ఒక బెంగ. ఆవిడ పంపిన ప్రతి పద్యం కిందా ఒకే మాట రాసేవారు: "చాలా అందంగా ఉంది. కానీ ఇందులో నువ్వెక్కడ? నీ పల్లె ఎక్కడ? నీ మామిడితోపు ఎక్కడ?"

"మా మామిడితోపు రైతుబజార్‌లో ఉందండీ, కిలోల లెక్కన," అని స్క్రీన్‌కి చెప్పి, ల్యాప్‌టాప్ మూసి, నా వైపు తిరిగేది వసుధ. "న్యూజెర్సీలో ఈయనకి కంచె ఉందా? ఎడారాయనకి మంచు ఉందా? వాళ్ళనెవరూ అడగరే? నన్నే ఎందుకు అడగాలి?"

నన్నడిగి ఏం లాభం? నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇరవై మూడేళ్ళుగా నా పని తప్పులు పట్టడం, దిద్దడం వేరేవాళ్ళ డిపార్టుమెంటు. సాహిత్యంలో నా హోదా ఇంకా చిన్నది. మా ఊళ్ళో ఎప్పుడు అవధానం జరిగినా అప్రస్తుత ప్రసంగం నాదే. అవధాని పద్యం కడుతూ ఉంటే మధ్యలో అడ్డుపడి పిచ్చి ప్రశ్నలు వెయ్యడం, ఆయన ఏకాగ్రత చెడగొట్టడం. ఈ పనికి నన్నే పిలుస్తారు. ప్రతిభ అనుకుంటాను. వసుధ స్వభావం అంటుంది.

ఈసారి ఆవిడ రాసింది కంచె గురించి. ఇంగ్లండులో హెడ్జ్ అనే ముళ్ళకంచెని, బతికున్న మొక్కల్నే సగం నరికి వంచి, ఎలా కడతారో నాలుగు నెలలు వీడియోలు చూసింది. నేను హెచ్-వన్ వీసా మీద వచ్చాను, ఆవిడ హెడ్జ్ మీద పడింది. బయల్దేరే రోజు సియాటిల్ పక్కన రెడ్‌మండ్ నుంచి మా అమ్మాయి మేఘన ఫోన్ చేసింది.

"అమ్మా, ఆల్ ద బెస్ట్. నాన్నని మాట్లాడనివ్వద్దు, ఓకే?"

"నేనేం మాట్లాడతానే?" అన్నాను స్పీకర్‌లో.

"సీ? ఆల్రెడీ మాట్లాడుతున్నాడు."

పెన్సిల్వేనియా: ఎర్ర గోంగూర కాని గోంగూర

మొదటి రోజు మధ్యాహ్నం పెన్సిల్వేనియాలో చిన్నరోడ్డు పక్కన కూరగాయల బల్ల చూసి కారాపాను. వెనక సీట్లో రేకు కాగితంలో పులిహోర ఉంది, పెరుగన్నం ఉంది. అయినా ఆపాను, ఎందుకంటే బల్ల మీద ఎర్ర గోంగూర ఉంది. ఎర్రటి కాడలు, వెడల్పాటి ఆకులు, కట్ట మూడు డాలర్లు. మా ఇండియన్ స్టోర్‌లో ఇంతకి సగం కట్ట రాదు. రెండు కట్టలు చంకలో పెట్టుకుని ఒక ఆకు తుంచి నోటిదాకా తీసుకెళ్ళాను.

"హేయ్! హేయ్!" అంటూ షెడ్డులోంచి ఒక తాతగారు పరుగెత్తుకొచ్చారు. ఆ వయసులో అంత పరుగు నాకోసం ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. "ఆకు విషం! కాడ తినాలి!"

అది రూబార్బ్ అనే మొక్కట. కాడలు పంచదారతో ఉడకబెట్టి పై అనే తీపి వంటకం చేస్తారు. ఆకులు ఎరువుగుంటలోకి.

"మా దగ్గర ఆకు తిని కాడ పారేస్తామండీ," అన్నాను.

తాతగారు నన్ను జాలిగా చూశారు. "ఎంతమంది మిగిలారు?" అనడిగారు.

వసుధ కారులోంచి దిగనేలేదు. నేను వచ్చి కూర్చున్నాక మాత్రం, "ఒక్క మొక్క పేరు తెలీదు, మనల్ని మామిడితోపు గురించి రాయమంటున్నారు," అంది. ఆ 'మనల్ని'లో నేనూ ఉన్నందుకు సంతోషించాను. ఆ సంతోషం నలభై ఎనిమిది గంటలుంది.

వెర్మాంట్: ఇరవై రెండు డాలర్ల టీ

ఫారం గేటు మీద వంపుల అక్షరాలతో ఇంగ్లీషు పల్లెటూరి పేరొకటి రాసుంది. లోపల రాళ్ళ దారి, తెల్ల గులాబీలు, ఎర్ర పోస్టు డబ్బా. డబ్బాలో ఉత్తరం వేస్తే ఎక్కడికీ పోదు, అలంకారానికి పెట్టారు. కొట్టులో గొర్రెల కాపరి చేతికర్ర ఎనభై ఐదు డాలర్లు. మా తెనాలి పక్క ఊళ్ళ కాపర్లకి ఈ ధర తెలిస్తే గొర్రెల్ని వదిలేసి కర్రలు మేపుకుంటారు.

క్రీమ్ టీ ఇరవై రెండు డాలర్లు. అందులో చల్లారిన టీ, వెన్నలాంటి మీగడ, జామ్, స్కోన్ అనే గుండ్రటి రొట్టె వస్తాయి. నేను స్కోన్ కొరికాను, స్కోన్ తిరిగి కొరికింది.

"టీలో ముంచు నాయనా. అది నిన్నటిది," అంది కౌంటర్ వెనక కూర్చున్న ముసలావిడ. పేరు ఎడిత్, ఎనభై దాటింది. గుడ్లు, జామ్, పుస్తకాలు అమ్మిపెడుతుంది. పక్క ఊళ్ళోనే ఇల్లట. మాటల్లో తెలిసింది, ఆ ఫారం మొత్తానికి ఇంగ్లండు పల్లెటూళ్ళో పుట్టిన మనిషి ఆవిడొక్కతే. పడమటి జిల్లాలో వాళ్ళ నాన్నకి పొలం, పెళ్ళయ్యాక అమెరికా.

"అయితే మీరూ పద్యాలు రాస్తారా?" అంది వసుధ, కళ్ళు పెద్దవి చేసి.

"నేనా? పద్నాలుగేళ్ళు ఆ బురదలో పనిచేశాను. ఇంకా రాయాలా?" అంది ఎడిత్, గుడ్లు అట్టపెట్టెలో సర్దుతూ.

నేను కొట్టు వెనక ఉన్న మేతభూమి కేసి నడిచాను, ఆ ప్రఖ్యాత కంచె చూద్దామని. మొక్కలు లేవు. ఒక సన్న తీగ ఉంది. తీగే కదా అని పట్టుకున్నాను. మోచేతిదాకా ఝల్లుమంది. ఇంగ్లీషు కంచె మీద సభ పెట్టినచోట కంచె కరెంటుది. అవతల గొర్రె నమలడం ఆపి నన్ను చూసింది. దానికి ఈ విషయం ముందే తెలుసు.

పచ్చిక మీద టార్పాలిన్

శనివారం పొద్దున అభ్యాసం. "పచ్చికలో పడుకోండి. నేలని వినండి. విన్నది రాయండి," అన్నారు గ్రెగరీగారు. ఆయన వెనకే పసుపుపచ్చ బోర్డు: పచ్చికలో పిడుదులుంటాయి, కుడితే జబ్బు చేస్తుంది, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవలెను. కాబట్టి నేల మీద నీలం టార్పాలిన్ పరిచి, దాని మీద కవులందరూ సాక్సులు మోకాళ్ళదాకా లాక్కుని పడుకుని నేలని విన్నారు. టార్పాలిన్ గరగరమంది. ఒహాయో ఆవిడ దాన్నే రాసుకుంది.

వెర్మాంట్‌లో మే నెలంటే నల్ల ఈగల నెల. ఆ సంగతి ఎర్రాకులవాళ్ళు మాకు చెప్పలేదు. చీమ తలంత ఉంటాయి, కళ్ళ దగ్గరే కుడతాయి. గంటలో నా ఎడమ కన్ను మూసుకుపోయింది. ప్రకృతి కోసం వెళ్తే మొహం వికృతి అయింది.

వసుధకి ఒక్క ఈగ కూడా కుట్టలేదు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, వలటోపీ, చేతిలో నోటుబుక్కు. అన్నీ చదువుకుని వచ్చింది. ఆ వలలోంచి ఆవిడ మొహం చూస్తే పెళ్ళైన ఇరవై నాలుగేళ్ళలో అంత సంతోషంగా ఎప్పుడున్నట్టు? నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం నా తప్పే అనుకోండి.

నా నోరు

మధ్యాహ్నం గడ్డికొట్టంలో గ్రెగరీగారు తన పద్యం చదివారు. కంచె నీడలో పొద్దుటినుంచీ కూర్చుని మేఘాల్ని చూసే కాపరి గురించి. మంచి గొంతు.

మనకి పద్యం వింటూ ఊరుకోవడం చేతకాదు కదా. తెనాలిలో చిన్నప్పుడు సైకిల్ షాపు మీద మేడలో మా ఇల్లు, పక్కనే సభల హాలు. పద్యం బాగుంటే "ఆహా" అనాలి, ఇంకా బాగుంటే "మళ్ళీ" అనాలి. ఏమీ అనకపోతే కవి రాత్రికి అన్నం తినడు. ఇక్కడ చూస్తే ముప్ఫైమంది, ఒక్క చప్పుడు లేదు. గ్రెగరీగారి మీద జాలేసింది. మూడో పాదం దగ్గర, "ఆహా! వన్స్ మోర్!" అన్నాను.

ముప్ఫై తలలు తిరిగాయి. గ్రెగరీగారు కాగితం వంక చూసి, నిజంగానే మళ్ళీ చదివారు, కొంచెం భయంగా. నాకు ధైర్యం వచ్చింది. పాత అలవాటు లోపల్నుంచి తన్నుకొచ్చింది.

"సార్, కాపరి పొద్దుటినుంచీ మేఘాలు చూస్తున్నాడు సరే, గొర్రెల్ని ఎవరు చూస్తున్నారు?"

వెనక బెంచీ మీద ఎడిత్ పకపకా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. వసుధ నా చెయ్యి గిల్లింది, సరిగ్గా షాక్ కొట్టిన చోట. తప్పు సర్దుకుందామని లేచి నిలబడి సంజాయిషీ మొదలుపెట్టాను: ఇది అగౌరవం కాదండీ, మా భాషలో ఒక కళ, కవి మధ్యలో ఉంటాడు, చుట్టూ ప్రశ్నలడిగేవాళ్ళు కూర్చుంటారు, ఒకడు అడ్డుపడుతూ ఉంటాడు, కవి వాడికి చమత్కారంగా జవాబిచ్చి తన పద్యం తప్పిపోకుండా ముగిస్తాడు.

గ్రెగరీగారి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి మంచే జరిగిందనుకున్నాను. ఆయన రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వసుధ దగ్గరికొచ్చారు.

"రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదే! రేపు నీ ఐదు నిమిషాల్లో ఇది చెయ్యి. కంచెలు వద్దు. మీ పల్లె, మీ భాష, మీ కళ. మీ ఆయన అడ్డుపడతారు."

"నేను కొత్త పద్యం తెచ్చుకున్నానండీ," అంది వసుధ.

"అది అందరూ తెచ్చుకున్నారు. ఇది నీ ఒక్కదానికే ఉంది," అన్నారాయన ఎంతో దయగా. అచ్చువేసిన కార్యక్రమం కాగితం మీద ఆవిడ పద్యం పేరు పెన్నుతో కొట్టేసి, పైన 'తెలుగు గ్రామీణ కళ' అని రాశారు.

ఆ సాయంత్రం గదిలో వసుధ మంచం అంచున కూర్చుంది. బూట్లు విప్పి, తుడిచి, సంచిలో పెట్టింది.

"తిడితే బాగుంటుంది," అన్నాను.

"ఎందుకు, మధ్యలో అడ్డుపడ్డానికా?" అంది.

దీపం ఆర్పాక గోడ వైపు తిరిగి, "ఆయన వద్దన్నందుకు కాదండీ. నాకు వేరే పల్లె లేదు. మే నెల బొమ్మ ఒక్కటే ఉంది. దాన్ని కూడా నాదనిపించుకోలేకపోయాను," అంది.

ఆదివారం

పొద్దున్నే లేచి కరెంటు తీగకి ఆరడుగుల దూరంలో అటూ ఇటూ తిరిగాను. తప్పు పట్టడం తప్ప దిద్దడం తెలియనివాడికి దిద్దే ఉపాయం తట్టాలంటే ఎంతసేపు పడుతుందో అంతసేపు తిరిగాను. వచ్చి వసుధని లేపాను.

"అవధానంలో నేను ప్రశ్న అడిగితే నువ్వు జవాబు చెప్పాలి కదా? జవాబు ఏ భాషలో ఉండాలో రూలు లేదు. ఎంత పొడుగుండాలో రూలు లేదు. కంచె గురించి ఉండకూడదని కూడా రూలు లేదు."

ఆవిడ లేచి కూర్చుంది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "మూడు ముక్కలుంది పద్యం," అంది.

"మూడు ప్రశ్నలు."

"నాలుగోది అడగరుగా?"

"అడగను. ఒకసారి షాక్ తిన్నాను."

సభకి చీర కట్టుకోమన్నారు గ్రెగరీగారు. ఆవిడ దగ్గర జీన్సు, రబ్బరు బూట్లు తప్ప లేవు. ఆయన చుట్టూ చూసి టీ బల్ల మీది ఎర్రగుడ్డ దులిపి వసుధ భుజాల మీద కప్పారు. దాని అంచున నిన్నటి జామ్ మరక. "ఇప్పుడు నువ్వు నువ్వులా ఉన్నావు," అన్నారు. వేదిక మీద నిలబెట్టి, వేల ఏళ్ళ గ్రామీణ సంప్రదాయమని పరిచయం చేశారు.

వసుధ కళ్ళు మూసుకుంది. చెయ్యెత్తి, రాగం తీసి మొదలుపెట్టింది.

"కూకట్‌పల్లీ... మూసాపేటా... భరత్‌నగరూ... ఎర్రగడ్డా... అమీర్‌పేటా, పంజగుట్టా, ఖైరతాబాదూ..."

కోఠీ వెళ్ళే బస్సు స్టాపులు, వరసగా, ఒక్కటి తప్పకుండా. లక్డీకాపూల్ దగ్గర గొంతు వణికించింది కూడా. కొట్టమంతా కళ్ళు మూసుకుని "మ్మ్" అంది. ఒహాయో ఆవిడ కళ్ళు ఒత్తుకుని పక్కావిడతో, "నాకు వాన వాసన వచ్చింది," అంది. నేను నవ్వాపుకోలేక వాచిన కన్ను మీద చెయ్యి పెట్టుకున్నాను. అది భక్తిలా కనబడిందని తరవాత చెప్పారు.

బస్సు నాంపల్లి చేరుతుండగా లేచాను.

"అమ్మా అవధానిగారూ! అదంతా బాగుంది. మా పక్కింటి మేక రోజూ మా పెరట్లోకొచ్చి బంతిమొక్కలు తినేస్తోంది. ఏం చెయ్యమంటారు?"

వసుధ కళ్ళు తెరిచింది. గొంతు మారిపోయింది. రాగం లేదు, మామూలుగా, పక్కింటావిడకి చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పింది. నా తెలుగులో అది ఇలా ఉంటుంది:

*మొదలు దగ్గర నరుకు, పూర్తిగా నరకకు.*
*బెరడు ఒక్క పట్టీ వదులు, బొటనవేలంత.*
*ఆ సన్నదారిలోంచే ఇకమీద చెట్టంతా నీళ్ళు తాగాలి.*

కొట్టంలో "మ్మ్" వినబడలేదు. నేను రెండో ప్రశ్నకి నోరు తెరిచేలోగా వెనక బెంచీ నుంచి ఎడిత్ అందుకుంది.

"దేంతో నరుకుతావు అమ్మాయ్? రంపంతోనా?"

వసుధ ఎడిత్ వైపు తిరిగింది. ఇది అనుకున్న ప్రశ్న కాదు. "కొంకి కత్తితో. రంపం పెడితే గాయం మానదు," అంది. ఎడిత్ తల ఊపింది. వసుధ ఆగకుండా రెండో ముక్క ఎత్తుకుంది:

*పల్లం వైపు మెల్లగా వంచు, పడుకోబెట్టు,*
*నిద్రపోయిన పిల్లని భుజం మీంచి*
*మంచం మీదికి దించినట్టు.*

ఇక్కడ ఎడిత్ ఏదో అనబోయి నోరు తెరిచింది. పక్కవాళ్ళు "ష్" అన్నారు. నా వంతు.

"అమ్మా, మా అమ్మాయి నన్ను మాట్లాడొద్దంది. నేనిక కూర్చోవచ్చా?"

"కూర్చోండి," అంది వసుధ, నా వైపు చూసి. ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ నాకిచ్చిన ఆజ్ఞలన్నిట్లోకీ మెత్తటిది అదే.

*చలికాలమంతా పడిపోయినట్టే ఉంటుంది.*
*చూసినవాళ్ళు చచ్చిందనుకుని దాటిపోతారు.*
*ఎండ రాగానే నరికిన చోటునుంచే లేస్తుంది,*
*ఎవరినీ అడక్కుండా.*

చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి కొట్టారు. నేను "మళ్ళీ!" అనలేదు, కూర్చోమన్నారు కదా. గ్రెగరీగారు తడికళ్ళతో వచ్చి వసుధ చేతులు పట్టుకున్నారు. "మీ పూర్వీకుల గొంతు విన్నాను."

"అది నేను రాసిందండీ. నా కంచె పద్యం అదే," అంది వసుధ.

"అవును, అవును," అన్నారాయన. "మనందరి చేతా వాళ్ళే రాయిస్తారు."

తిరుగుదారి, ఆ తరవాత

వచ్చేటప్పుడు పెన్సిల్వేనియాలో అదే బల్ల దగ్గర ఆగి రూబార్బ్ కాడలు కొన్నాం. హెర్న్‌డన్‌లో దాంతో పప్పు చేసింది వసుధ. గోంగూర పప్పుకి దూరపు చుట్టం, వీసా మీద వచ్చింది. తినొచ్చు.

ఆగస్టులో పుస్తకం పోస్టులో వచ్చింది. మొదటి పేజీ ఆవిడదే. ఒక్క మాట పోకుండా అచ్చేశారు. పైన పేరు: 'మేకల కాపరుల పాట: ప్రాచీన తెలుగు జానపదం.' కింద: 'కవి అజ్ఞాతం.' దాని కింద: 'సంప్రదాయ ప్రశ్నలు: ప్రసాద్.' పేజీ మొత్తం మీద బతికున్న మనిషి పేరు నాదొక్కటే.

వసుధ మెయిల్ రాసింది, పద్యం తనదని, మేకల కాపరులెవరూ లేరని. వెంటనే జవాబొచ్చింది: మీ వినయం మమ్మల్ని కదిలించింది, నోటి సంప్రదాయాల్లో 'నాది' అనే మాటే ఉండదని మీనుంచి నేర్చుకున్నాం. నేను ఇంకో మెయిల్ రాశాను, ఆఫీసులో బగ్ రాసినట్టు: ఉండవలసింది ఇది, ఉన్నది ఇది, తీవ్రత మొదటి రకం. దానికి జవాబు రాలేదు. ఆ పుస్తకాన్ని వసుధ వంటింటి అరలో పప్పుల డబ్బాల వెనక పెట్టింది. బుధవారం సాయంత్రాలు ల్యాప్‌టాప్ తెరవడం మానేసింది. మేఘన ఫోన్‌లో, "అమ్మా, అట్లీస్ట్ ప్రింట్ అయ్యింది కదా?" అంటే, "నా గోడ మీద వాళ్ళకి నచ్చిన బొమ్మ అంటించుకున్నారే," అంది.

సెప్టెంబరులో ఒక లావుపాటి కవరు వచ్చింది. లోపల అదే పుస్తకం ఇంకో కాపీ. మొదటి పేజీలో ప్రాచీన జానపదం మీద పెన్సిల్‌తో ఒక గీత, అజ్ఞాతకవి మీద ఇంకో గీత, పక్కన వంకర అక్షరాలతో వసుధ పేరు. నా పేరు మాత్రం అలాగే వదిలేశారు. వెంట చిన్న ఉత్తరం, ఎడిత్ నుంచి.

"అమ్మాయ్, ఈ పుస్తకాలన్నీ అమ్మేది నా కౌంటర్ మీదే. అమ్మే ప్రతిదాంట్లో ఇలా దిద్ది మరీ ఇస్తున్నాను. గ్రెగరీ చూశాడు. ఏమీ అనలేదు, నేను మానేస్తే గుడ్లు అమ్మేవాళ్ళు లేరు. ఇక అసలు సంగతి. ఆ రోజు చెబుదామంటే నోరు మూయించారు. నీ పద్యంలో ఒక తప్పుంది. కొమ్మని పల్లం వైపు వంచకూడదు. ఎప్పుడూ ఎత్తు వైపే. పల్లానికి వంచితే నీరెక్కదు, ఎండిపోతుంది. మా నాన్న చూస్తే ఆ కంచె పీకించి మళ్ళీ కట్టించేవాడు. దిద్దు."

ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. ఇంత జరిగాక మళ్ళీ తప్పులా? ఈ మనిషిని ఎలా ఓదార్చాలా అని వసుధ వంక చూశాను.

ఆవిడ మొహంలో ఈగల వల వెనక చూసిన సంతోషం ఉంది. రెండేళ్ళలో ఆవిడ పద్యాలకి 'అందం', 'ఆత్మ', 'మూలాలు' అన్న మాటలొచ్చాయి. తప్పని ఎవరూ అనలేదు.

"పెన్సిల్ ఏది?" అంది.

తెచ్చిచ్చాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని 'పల్లం' కొట్టేసి 'ఎత్తు' అని రాసింది. అప్పుడు కింది పాదం పనికిరాకుండా పోయింది. ఎత్తు వైపు వంచేటప్పుడు పిల్లని దించడమేమిటి? ఆవిడ పెన్సిల్ చెవిలో పెట్టుకుంది, తీసింది, లేచి కిటికీ దగ్గరికెళ్ళింది, వచ్చింది. కుక్కర్ మూడు కూతలు కూసింది. పప్పు సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది కానీ, పద్యం నడుస్తోంది కదా అని, నా జీవితంలో మొదటిసారి, అడ్డుపడలేదు. వెళ్ళి నేనే కట్టేసి వచ్చాను.

వచ్చేసరికి రాసేసింది. కాగితం నా వైపు తిప్పింది.

*ఎత్తు వైపు మెల్లగా వంచు,*
*నిద్రపోయిన పిల్లని మంచం మీంచి*
*భుజం మీదికి ఎత్తుకున్నట్టు.*

"ఇప్పుడు అనండి," అంది.

"ఆహా," అన్నాను. "మళ్ళీ."